ఖజూర్ గుఠ్లీల హిసాబ్

పోయిన రంజాన్‌లో, పదహారో రోజా అనుకుంటా, అసర్ నమాజ్ అయి ఇంటికొచ్చి కూర్చున్నానో లేదో ఫోన్ మోగింది. మా మొహల్లా ఉర్దూ స్కూలు హెడ్‌మిస్ట్రెస్. సలాం అయితే చెప్పింది గానీ గొంతులో కోపం దాగలేదు.

"భాయ్, నువ్వు రాసిన ఖబర్ పట్టుకోని ఒకాయన బడికొచ్చినాడు. ఆయన బేటీ మా దగ్గర ఏడో క్లాసు. బాగా చదివే పిల్ల. జూన్‌లో ఎనిమిదికి పంపను అంటున్నాడు. ఎందుకయ్యా అంటే నీ పేపర్ చూపిస్తాడు. 'మనోళ్ల ఆడపిల్లలు అందరూ మానేస్తున్నారంట గదా మేడం, నా పిల్ల ఒక్కతే పోయి ఏం చేస్తాది' అంటాడు. అట్లా రాసినావా నువ్వు?"

నేను అట్లా రాయలేదు. 'అందరూ' అని ఎక్కడా లేదు. నేను రాసింది, ముస్లిం బాలికల్లో చదువు మానేసే ఛాన్స్ మిగతావాళ్ల కంటే మూడింతలు ఎక్కువ అని. డెస్క్‌లో ఆ 'మూడింతలు' అనే లఫ్జ్‌నే ఎత్తి హెడ్డింగ్‌లో పెట్టారు. నాకూ ఖుషీగానే అనిపించింది. హెడ్డింగ్ పెద్దదైతే గవర్నమెంటు కళ్లు తెరుస్తుందని నా నియ్యత్. కానీ ఆ హెడ్డింగ్ ముందుగా చదివింది గవర్నమెంటు కాదు, ఏడో క్లాసు పిల్ల అబ్బాజాన్. ఆయన చెవికి మూడింతలు కాస్తా 'అందరూ' అయిపోయింది.

ఆ మూడు నేను పుట్టించింది కాదు. మా ఊరి డిగ్రీ కాలేజీ అమ్మాయిలు ప్రాజెక్టు పని కోసం కొన్ని మొహల్లాలు ఇల్లిల్లూ తిరిగి, ఏడో తరగతి అయిన ఆడపిల్ల చదువు కొనసాగించిందా మానేసిందా అని రాసుకున్నారు. అవును అయితే 1, కాదు అయితే 0. ఆ 1లనీ 0లనీ కంప్యూటర్‌లో వేస్తే చివర ఒక టేబుల్ వచ్చింది. అందులో 'ఆడ్స్ రేషియో 3' అని ఉంది. రేషియో అంటే నిస్బత్. మా ఉర్దూ మీడియం స్కూల్లో రియాజీ మాస్టర్ సాబ్ నిస్బత్ లెక్కలు చెప్తుంటే వెనక బెంచీ వాళ్లు "కిస్కీ నిస్బత్ లగీ సర్?" అని నవ్వేవాళ్లు, మన ఇళ్లల్లో నిస్బత్ అంటే పెళ్లి సంబంధం కూడా కదా. కాబట్టి రేషియో నాకు తెలుసు, మూడు తెలుసు. ముందున్న 'ఆడ్స్' అనే మాటను మాత్రం దాటేసి పోయాను. ఇరవై ఏళ్లుగా కలం పట్టుకుని తిరుగుతున్నవాడిని, ఒక్క మాట అడగడానికి నామోషీ పడ్డాను.

ఆ సాయంత్రం ఇఫ్తార్ ఆపా ఇంట్లో. ఆపా నాకంటే ఆరేళ్లు పెద్దది. ఆమె కూతురు, మా భాంజీ, ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చదువుతోంది. ఉర్దూలో దాన్ని షుమారియాత్ అంటారు, తెలుగులో సాంఖ్యక శాస్త్రం. సెలవులకి వచ్చి ఉంది. మగ్రిబ్ అయ్యాక దస్తర్‌ఖాన్ దగ్గర చాయ్ తాగుతూ ఫోన్ సంగతి చెప్పి, టేబుల్ చూపించాను. పిల్ల అర నిమిషం చూసి,

"మామూ, టేబుల్ సహీ. మీరు రాసింది గల్తీ" అంది.

"మూడంటే మూడింతలు కాదా?"

"మూడింతలే. కానీ దేనికి మూడింతలు?"

ప్లేట్లో మేమందరం తిని వదిలేసిన ఖజూర్ గుఠ్లీలు ఉన్నాయి. పదహారు ఏరి, దస్తర్‌ఖాన్ మీద ఎనిమిదీ ఎనిమిదిగా రెండు వరసలు పెట్టింది.

"ఫర్జ్ కరో మామూ, ఇవి అసలు నంబర్లు కావు. ఈ వరస మన పిల్లలు ఎనిమిది మంది. నలుగురు మానేశారు, నలుగురు చదువుతున్నారు. ఆ వరస వేరే వాళ్ల పిల్లలు ఎనిమిది మంది. ఇద్దరు మానేశారు, ఆరుగురు చదువుతున్నారు. ఇప్పుడు చెప్పండి, మానేసే ఛాన్స్ ఎవరికి ఎంత?"

"మనకి సగం. వాళ్లకి పావు."

"అంటే మనది ఎన్నింతలు?"

"రెండింతలు."

"కదా! ఇప్పుడు ఆడ్స్ చూడండి. ఆడ్స్ అంటే మొత్తంలో ఎందరు అని కాదు. మానేసినోళ్లకీ మాననోళ్లకీ మధ్య నిస్బత్. మనది నాలుగుకి నాలుగు, అంటే ఒకటి. వాళ్లది రెండుకి ఆరు, అంటే ఒకటిలో మూడో వంతు. ఒకటిని మూడో వంతుతో భాగిస్తే?"

మూడు. అవే పదహారు గుఠ్లీలు. ఛాన్స్ అడిగితే రెండింతలు, ఆడ్స్ అడిగితే మూడింతలు. నేను ఆడ్స్ నంబర్ తీసుకుని ఛాన్స్ అని రాసేశాను. తులం లెక్క చూసి కిలోల్లో చెప్పినట్టు.

"అరుదైన విషయాల్లో ఈ తేడా కనపడదు మామూ. వెయ్యిమందిలో ఒకరికొచ్చే జబ్బు, ఇంకోచోట వెయ్యిలో ఇద్దరికొస్తే, ఛాన్స్ లెక్కేసినా ఆడ్స్ లెక్కేసినా రెండింతల దగ్గరే వస్తాది. కానీ చదువు మానేయడం మన దగ్గర అరుదు కాదు గదా. ఎంత మామూలు విషయమైతే ఆడ్స్ రేషియో అంత పెద్దగా కనపడి మోసం చేస్తాది."

ఆ మాట గుచ్చుకుంది. మన దగ్గర అరుదు కాకపోవడమే నా గల్తీని పెద్దది చేసింది.

"ఆడ్స్ అంటే సట్టా వాళ్ల భాష కాదా బేటా? క్రికెట్ పందేల్లో వినపడుతుంది. ఇట్లాంటి హిసాబ్ చదువుకున్నోళ్లకి ఎందుకు?" అని ఎగతాళి చేశాను, ఓడిపోయినవాడు చేసే పని అదే కదా.

పిల్ల నవ్వి, దాని చాయ్ కప్పు పక్కన పెట్టి చెప్పింది. హా అనో నై అనో మాత్రమే జవాబ్ ఉండే సవాళ్లలో ఛాన్స్ అనేది రెండు గోడల మధ్య గల్లీ లాంటిదట. ఇటు సున్నా, అటు వంద. ఆ గల్లీలో నిటారు గీత గీస్తే గోడ దాటి పోతుంది. బడి ఇంటి పక్కనే ఉంటే నూటికి నూరు మంది పోతారనీ, ఒక్కో కిలోమీటరుకి పదిహేనుగురు తగ్గుతారనీ గీత గీశామనుకోండి. ఏడో కిలోమీటరు దగ్గర నూటికి మైనస్ ఐదుగురు బడికి పోవాలి. "మైనస్ ఐదుగురు పిల్లలు ఏ బెంచీ మీద కూర్చుంటారు మామూ?"

ఆడ్స్‌కి పైగోడ లేదు. నూటికి తొంభైతొమ్మిది అయితే ఆడ్స్ తొంభైతొమ్మిది, ఇంకా ఎంతైనా పెరగొచ్చు. కింద మాత్రం సున్నా గోడ ఉంది. దానికి లాగరిథం తీస్తే ఆ గోడ కూడా పోతుంది. సగం సగం అయిన చోట సున్నా. మూడుకి ఒకటి అయితే ప్లస్‌లో ఎంత దూరమో, ఒకటికి మూడు అయితే మైనస్‌లో అంతే దూరం. తరాజు ముల్లు మధ్యలో నిలబడి ఇటూ అటూ సమానంగా వాలినట్టు. లాగరిథం టేబుళ్ల పుస్తకం నేనూ స్కూల్లో తిప్పినవాడినే. అది ఎందుకు తిప్పుతున్నామో ఏ మాస్టరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

తర్వాత పిల్ల చెప్పిన మిసాల్ నాకు ఇప్పటికీ జబానీ గుర్తుంది. బడి దూరం ఒక్కో కిలోమీటరు పెరిగేకొద్దీ ఆడ్స్ సగం అవుతుందని ఫర్జ్ చేయండి. మొదట ఎనిమిదికి ఒకటి, అంటే ఎనిమిది మంది పోతే ఒకరు మానేస్తారు. తర్వాత నాలుగుకి ఒకటి, రెండుకి ఒకటి, ఒకటికి ఒకటి, ఒకటికి రెండు, ఒకటికి నాలుగు. ఆడ్స్ ప్రతిసారీ కచ్చితంగా సగమే. ఇప్పుడు ఇదే ఛాన్స్‌లో చూస్తే నూటికి 89, 80, 67, 50, 33, 20. మొదటి కిలోమీటరుకి తొమ్మిది తగ్గింది. మధ్యలో పదిహేడు తగ్గింది. చివరికి మళ్లీ పదమూడే. గీత గీస్తే పడుకోబెట్టిన ఎస్ అక్షరం లాగా వస్తుంది.

"దీని మతలబ్ ఏంటి మామూ అంటే, బడి పక్కనే ఉన్నోళ్లు ఒక కిలోమీటరు పెరిగినా పంపిస్తారు. మరీ దూరమున్నోళ్లలో చాలామంది ఎప్పుడో ఆపేశారు. పంపాలా వద్దా అని మధ్యలో ఊగుతున్నోళ్లు చూడండి, ఒక కిలోమీటరు, ఒక ఆటో, ఒక మాట వాళ్లనే ఎక్కువ కదిలిస్తాది."

ఒక మాట. పేపర్లో హెడ్డింగ్ కూడా ఒక మాటే. ఆ సాబ్ మధ్యలో ఊగుతున్నవాడు. ఆయన్ని నేను ఇటు తోశాను.

ఆ రాత్రి తరావీహ్ అయ్యాక నిద్ర పట్టలేదు. సహరీ దాకా కూర్చుని చదివాను. ఈ హా-నై హిసాబ్‌కి చిన్న ఖాందాన్ ఏమీ లేదు. 1934లో చెస్టర్ బ్లిస్ అనే అమెరికన్ పురుగుల మందు లెక్క కోసం ఒక పద్ధతి రాశాడు. ఎంత మందు వేస్తే ఎన్ని పురుగులు చస్తాయి, బతికిందా చచ్చిందా అన్నదే సవాల్. దానికి ప్రోబిట్ అని పేరు పెట్టాడు. 1944లో మేయో క్లినిక్‌లో పనిచేసే జోసెఫ్ బెర్క్‌సన్ ఈ ఆడ్స్ లాగరిథం దారి పట్టి, దానికి లాజిట్ అన్నాడు. 1958లో బ్రిటన్ వాడు డేవిడ్ కాక్స్ 0, 1 జవాబుల మీద ఒక పేపర్ రాశాడు. 1970లో అదే విషయం మీద పుస్తకం తెచ్చాడు. ఇప్పుడు దాన్ని లాజిస్టిక్ రిగ్రెషన్ అంటారు.

మన ఇళ్లకి దగ్గరగా ఉన్న కథ ఫ్రామింగ్‌హామ్‌ది. అమెరికాలో బోస్టన్ దగ్గర చిన్న ఊరు. 1948లో అక్కడ 5,209 మందిని తీసుకుని ఏళ్ల తరబడి చూస్తూ వచ్చారు, ఎవరికి గుండెజబ్బు వచ్చింది, ఎవరికి రాలేదు అని. వయసు, బీపీ, కొలెస్ట్రాల్, సిగరెట్ అన్నీ ఒకేసారి లెక్కలో పెట్టి, మిగతావి బరాబర్‌గా ఉంటే ఒక్కోటి ఎంత బరువు వేస్తుందో 1967లో ఈ లాజిస్టిక్ పద్ధతితోనే చెప్పారు. డాక్టర్ మన అబ్బాజాన్‌కి సిగరెట్ మానండి, ఉప్పు తగ్గించండి అని చెప్పే మాట వెనక ఇట్లాంటి హిసాబ్ ఉంది.

చదువుతుంటే ఒక చోట మాత్రం ఆగిపోయాను. నేను చేసిన గల్తీనే 1999లో అమెరికా పత్రికలు చేసి ఉన్నాయి, అదీ పెద్ద ఎత్తున.

అక్కడ 720 మంది డాక్టర్లకి వీడియోలు చూపించారు. ఎనిమిది మంది యాక్టర్లు పేషెంట్ల వేషంలో ఛాతీనొప్పి అని చెప్తారు. కొందరు తెల్లవాళ్లు, కొందరు నల్లవాళ్లు, కొందరు మగ, కొందరు ఆడ. చెప్పే మాటలు ఒక్కటే. సవాల్ కూడా ఒక్కటే: ఈ పేషెంట్‌ని గుండెలోకి సన్నగొట్టం పంపి చేసే పరీక్షకి, మనం యాంజియో అంటామే దానికి, పంపిస్తారా లేదా? తెల్లవాళ్లని పంపిస్తామన్నది నూటికి 90.6, నల్లవాళ్లని 84.7. మగవాళ్లని 90.6, ఆడవాళ్లని 84.7. అసలు జర్నల్ పేపర్లో ఇది ఆడ్స్ రేషియోగా 0.6 అని అచ్చయింది. టీవీలు, పత్రికలు 0.6 చూసి, నల్లవాళ్లకీ ఆడవాళ్లకీ ఆ పరీక్ష దొరికే ఛాన్స్ 40 శాతం తక్కువ అని చాటింపు వేశాయి. 84.7ని 90.6తో భాగించి చూడండి. తగ్గింది 7 శాతం. నలభై ఎక్కడ, ఏడు ఎక్కడ? అదే ఏడాది ముగ్గురు డాక్టర్లు అదే జర్నల్‌లో ఈ గల్తీ విప్పి చూపించారు. జర్నల్ ఎడిటర్లు కూడా తమ వంతు బాధ్యత ఒప్పుకున్నారు.

అంతటితో అయిపోలేదు. నాలుగు గుంపులుగా విడదీసి చూస్తే తెల్ల మగవాళ్లు 90.6, తెల్ల ఆడవాళ్లు 90.6, నల్ల మగవాళ్లు 90.6. ముగ్గురూ బరాబర్. నల్ల ఆడవాళ్లు మాత్రం 78.8. అంటే తక్కువ చూపు పడింది నల్లవాళ్లందరి మీద కాదు, ఆడవాళ్లందరి మీదా కాదు. రెండూ అయిన ఆ ఒక్క గుంపు మీద. సగటు తీస్తే వాళ్లకి జరిగిన అన్యాయం నల్లవాళ్లందరిదీ, ఆడవాళ్లందరిదీ అయినట్టు పరుచుకుపోయింది, వాళ్లు మాత్రం కనపడకుండా పోయారు.

మరుసటి రోజు ఇఫ్తార్‌కి ఆపా ఇంటికే మళ్లీ వెళ్లి భాంజీకి ఇదంతా చెప్తున్నాను. ఆపా వంటింట్లో మిర్చి బజ్జీలు తీస్తోంది. అంతా వింటోందని నాకు తెలియదు. ప్లేట్ తెచ్చి పెట్టి, అక్కడే కూర్చుని అడిగింది.

"ఛోటే, మేరేకు కౌన్సీ గుఠ్లీయా మే రఖా రే తూ?"

నన్ను ఏ గుఠ్లీల్లో పెట్టావురా అని.

ఆపా ఏడో తరగతితో ఆగిపోయింది. నా లెక్కలో ఆమె ఎప్పుడూ మానేసినోళ్ల వైపే. కారణం కూడా నా దగ్గర సిద్ధంగా ఉండేది: అబ్బా పాతకాలం మనిషి, ఆడపిల్ల పెద్దదయింది, మాన్పించాడు. ఈ కథ నేను కాలేజీలో దోస్తులకి చెప్పాను, ఒకసారి ఆదివారం పేజీలో వ్యాసంగా కూడా రాశాను. ఆపాని ఎప్పుడూ అడగలేదు.

"అబ్బా మాన్పించలేదు" అంది ఆపా. "మన ఉర్దూ స్కూలు ఏడు వరకే ఉండె. తర్వాత ఉర్దూ హైస్కూల్ ఊరికి ఆ కొస. నువ్వు సైకిల్ మీద పోతివి. నాకు సైకిల్ ఎవరిస్తారు? అబ్బా నన్ను రోడ్డవతల తెలుగు మీడియం హైస్కూల్లో చేర్పించినాడు. ఫీజు కట్టినాడు, కొత్త బ్యాగు కొన్నాడు. పదకొండు రోజులు పోయినా. సోషల్ టీచర్ పాఠం చెప్తా ఉంటే ఒక్క ముక్క అర్థం కాకపోయె. లేపి ప్రశ్న అడిగితే ఉర్దూలో జవాబ్ చెప్పినా. క్లాసంతా నవ్వినారు. పన్నెండో రోజు కడుపు నొప్పి అని పడుకున్నా. అంతే. అబ్బా పోవే పోవే అని నెల రోజులు అన్నాడు."

భాంజీ కూడా ఇది మొదటిసారి వింటోంది. బజ్జీలు చల్లారిపోయాయి.

నేను డిగ్రీలో తెలుగు సాహిత్యం చదివినవాడిని. తెలుగు నాకూ కష్టపడే వచ్చింది, సినిమా పోస్టర్లు, హోటల్లో పేపర్లు కూడబలుక్కుంటూ. కానీ నాకు పదో తరగతి దాకా ఉర్దూలో చదివే దారి ఉండింది, ఆ తర్వాత మెల్లగా నేర్చుకునే మోహలత్ దొరికింది. ఆపాకి పదకొండు రోజులు దొరికాయి.

కాసేపటికి భాంజీ మెల్లగా అంది. "మామూ, కాలేజీ వాళ్ల ఫారంలో మజ్‌హబ్ ఖానా ఉంది. ఏ మీడియం అనే ఖానా లేదు. తర్వాతి స్కూలు ఎంత దూరం అనే ఖానా లేదు. ఒక్క మజ్‌హబ్ ఖానానే పెడితే, మీడియం బరువు, దూరం బరువు, గరీబీ బరువు అన్నీ దాని నెత్తినే పడతాయి. అవి కూడా అడిగి మోడల్లో పెడితే, అన్నీ బరాబర్ చేసి చూస్తే, ఆ మూడు అట్లే ఉంటాదో, తగ్గుతాదో, అప్పుడు చెప్పొచ్చు. తెలుగు మీడియంలో చదివే మన పిల్లలు కూడా ఉన్నారు గదా. వాళ్లనీ ఉర్దూ మీడియం పిల్లల్నీ పక్కపక్కన పెట్టి చూడాల."

ఇంకో మాట కూడా చెప్పింది. ఇంత తక్కువ మందిని అడిగినప్పుడు మూడు అనేది ఒంటరిగా రాకూడదట. దాని పక్కన ఇంత నుంచి ఇంత దాకా అని రెండు నంబర్లు ఉండాలి. అది నిజంగా తేడానా, ఇత్తెఫాకా అని పరీక్షించడానికి ముఖ్యంగా మూడు టెస్టులు వాడతారు: వాల్డ్ టెస్టు, లైక్లీహుడ్ రేషియో టెస్టు, రావు స్కోర్ టెస్టు. ఆ రావు మన తెలుగాయనే, సి.ఆర్.రావు. ఆంధ్రా యూనివర్సిటీలో చదివి, కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసి, 1948లోనే ఆ టెస్టు ఇచ్చాడు. 2023లో 102 ఏళ్ల వయసులో పోయాడు. ఆయన పోయిన రోజు డెస్క్‌లో ఆ వార్త నా కళ్ల ముందే నడిచింది. ఆయన చేసిన పని ఏమిటో చదవకుండానే పేజీ పంపేశాను.

నేను మా వాళ్ల మీద కోపంతో రాయలేదు. ప్రేమతోనే రాశాను. అయినా ఫలితం ఏమిటి? ఖానా ఒక్కటే ఉన్న ఫారం మన కౌమ్‌ని కారణం చేసింది, నేను దానికి మైకు పెట్టాను. 2006లో పార్లమెంటు ముందుకొచ్చిన సచార్ కమిటీ రిపోర్టు మళ్లీ తీసి చూశాను. 6 నుంచి 14 ఏళ్ల ముస్లిం పిల్లల్లో నూటికి 25 మంది అసలు బడికే పోలేదు, లేదా మధ్యలో మానేశారు అని అందులో ఉంది. అది చేదు, దాచేది కాదు. కానీ అదే రిపోర్టు ప్రైమరీ దాటాక ముస్లిం మొహల్లాల్లో స్కూళ్లు తక్కువ అని కూడా చెప్పింది. బడికెళ్లే వయసు పిల్లల్లో మదర్సాలకి పోయేది నూటికి ముగ్గురే అని కూడా చెప్పింది. మొదటి మాటకి హెడ్డింగ్ దొరుకుతుంది. మిగతా రెండు లోపలి పేజీలో ఉండిపోతాయి.

సవరణ రాశాను. డెస్క్‌లో ఒక దోస్త్ "ఆడ్స్‌కీ ఛాన్స్‌కీ తేడా ఎవడు చదువుతాడు భాయ్" అన్నాడు. నాలుగు లైన్లు, లోపలి పేజీలో కింద వచ్చింది. హెడ్డింగ్ చదివినవాళ్లలో ఎందరు అది చూసి ఉంటారో మీరే అందాజా వేసుకోండి.

అందుకే ఆ పేపర్ ముక్క పట్టుకుని నేనే ఆ సాబ్ దగ్గరికి పోయాను. లారీలకి బాడీ కట్టే షెడ్డులో వెల్డింగ్ పని ఆయనది. కళ్లద్దాలు పైకి నెట్టి అంతా విన్నాడు. పదహారు గుఠ్లీల కథ కూడా చెప్పాను. చివరికి అన్నాడు:

"సాబ్, మూడింతలో రెండింతలో మీరు చూసుకోండి. నాకు మూడు సంగతులు చెప్పండి. ఆటోకి నెలకెంత? డ్రైవర్ ఎవరు? తెలుగు మీడియంలో నా పిల్లకి అర్థం కాకపోతే చెప్పేదెవరు?"

రిపోర్టులో లేని ఖానాలన్నీ ఆయన నోట్లో ఉన్నాయి. మీడియం, దూరం, ఖర్చు. కాలేజీ వాళ్లు ఆయన ఇంటికి పోయి ఉంటే హా అనో నై అనో రాసుకుని వచ్చేవాళ్లు.

హెడ్‌మిస్ట్రెస్ ఇంకో ముగ్గురు పిల్లల అబ్బాలతో మాట్లాడింది. నలుగురికి కలిపి ఒకే ఆటో, మొహల్లా మస్జిద్ పక్కన ఉండే చాచాది. మూడో సవాల్‌కి జవాబ్ నేనే అయ్యాను. మే నెలంతా సాయంత్రాలు ఆపా ఇంటి వరండాలో నలుగురికీ తెలుగు చెప్పాను. ఒత్తుల దగ్గర తడబడేవాళ్లు. సోషల్ పుస్తకంలో 'రాజ్యాంగం' అంటే దస్తూర్ అని, 'జనాభా' అంటే ఆబాదీ అని చెప్తే ముఖాలు వెలిగేవి. తెలిసిందే, పేరు ఒక్కటే కొత్త. ఆపా గుమ్మం దగ్గర ఉల్లిగడ్డలు తరుగుతూ కూర్చునేది. ఒకరోజు ఎవరూ జవాబ్ చెప్పని ప్రశ్నకి అక్కడి నుంచే చెప్పింది, తెలుగులో. ఈసారి పిల్లలు నవ్వలేదు.

జూన్‌లో బడి తెరిచారు. ఇప్పటికి మూడో నెల. వెల్డింగ్ సాబ్ బేటీ పోతోంది. ఇంకో ఇద్దరు పోతున్నారు. నాలుగో పిల్ల జూలైలో రావడం ఆపేసింది. కనుక్కుంటే వాళ్ల కుటుంబమంతా పని కోసం బెంగళూరు వెళ్లిపోయింది. అక్కడ బడిలో చేర్చారో లేదో, ఫోన్ కలవడం లేదు.

కాలేజీ అమ్మాయిలు కొత్త ఫారం తయారు చేసుకున్నారు. మీడియం, దూరం, ఆటో ఖర్చు ఖానాలు పెట్టారు. ఇంకా తిరగడం మొదలుపెట్టలేదు. నేను భాంజీకి ఫోన్ చేసి అడిగాను, బెంగళూరు పోయిన పిల్లని ఏ ఖానాలో రాయాలి, హా లోనా, నై లోనా అని.

"రెండింట్లోనూ వద్దు మామూ. దాన్ని మిస్సింగ్ అంటాం. తెలియదు అని రాయాల. మానేసిందని రాస్తే అబద్ధమయితాది."

తెలియదు అని రాసుకున్నాను. వెతుకుతున్నాను కూడా. బెంగళూరులో మా కొలీగ్స్ ఉన్నారు.

ఇది చదివే మీ ఇంట్లో కూడా ఒక ఆపా ఉంటుంది, లేదా ఖాలా, ఫుఫ్ఫీ ఉంటుంది, ఏదో ఒక క్లాసు దగ్గర ఆగిపోయినామె. కారణం మీకు తెలుసనే అనుకుంటారు, నేనూ అనుకున్నాను. ఈ జుమా రోజు ఫుర్సత్‌గా కూర్చుని ఒకసారి అడగండి. ఆమె చెప్పింది నాకు రాస్తే, కాలేజీ పిల్లల ఫారంలో ఇంకో ఖానా పెట్టమని చెప్తాను.